గర్భస్థకన్యక వెల: కన్యాశుల్క పీఠికలోని యొక వాక్యమును గూర్చిన విమర్శ

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కముపై విమర్శలు పెక్కు వెలువడినవి. గిరీశము యొక్క స్వభావము, మధురవాణీపాత్రౌచిత్యము, వ్యావహారికభాషాప్రయోగము, 1897వ సంవత్సరపు ప్రథమకూర్పునకును 1909వ సంవత్సరపు ద్వితీయకూర్పునకును గల భేదములు పండితులచే పలుమారులు చర్చింపబడినవి. ప్రథమకూర్పునకు కవి యాంగ్లమున వ్రాసిన పీఠికయు భాషావాదసందర్భమున తఱచుగా స్మరింపబడుచున్నది. కాని యా పీఠికయందే గర్భస్థశిశువును గూర్చిన చిన్న వాక్య మొకటి కలదు. భాషావాదపు సందడిలో నది మఱుగుపడినది. గర్భమందలి శిశువు ఆడుదని తెలిసిన తోడనే దానిని జన్మింపనీయని దురాచారముతో దేశము పోరాడుచున్న యీ దినములలో, ఆ వాక్యమును మరల చదువుట కేవలము సాహిత్యవినోదము కాదు.

పీఠికాంశమిది. విజయనగర మహారాజగు ఆనందగజపతి, విశాఖపట్టణమండలమున బ్రాహ్మణకుటుంబములయందు మూడు సంవత్సరముల కాలమున జరిగిన శుల్కవివాహములకు పట్టికను సిద్ధము చేయించెను. అందు చేరిన వివాహములు 1,034. ఐదేండ్ల ప్రాయమున పెండ్లియైన బాలికలు 99, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది శిశువులు 3. ఈ సంఖ్యలను కూడినచో ఐదేండ్లకు మించని పెండ్లికూతుండ్రు 188 మంది యగుదురు. అనగా మొత్తమున అయిదవవంతునకు కొంచెము తక్కువ. ఏడాది శిశువునకు పలికిన వెల 350 మొదలు 400 రూప్యముల వఱకు. ధనము పుచ్చుకొన్నవారు పుచ్చుకొంటిమని యొప్పుకొనరు గనుక ఈ పట్టిక సంపూర్ణము కాదనియు కవి హెచ్చరించెను. పిదప, వినుటకు వింతగా నుండినను, కొన్నియెడల గర్భమందలి శిశువునకును బేరము కుదురుచుండెనని తెలిపెను.

ఈ కడపటి మాటయే యిచట విచార్యము. గర్భస్థశిశువును గూర్చిన బేరము నిశ్చయమైన బేరము కాజాలదు. "ఆడుబిడ్డ పుట్టినచో" అను నియమము దానియందు తప్పక యిమిడియుండును. కొనువానికిగాని, అమ్మువానికిగాని, గర్భము ధరించిన తల్లికిగాని లోపలి సంగతి తెలియదు. వెల ముందే నిర్ణయమయ్యెను. వస్తువు మాత్రము సందేహముననే యుండెను. ఆ "అయినచో" అను ప్రత్యయమే నాటి శిశువునకు మిగిలిన స్వాతంత్ర్యము. ఇరువదవ శతాబ్ది యుత్తరార్ధమున పుట్టిన యంత్రము చేసినపని యేదియనగా, ఆ ప్రత్యయమును తొలగించుట. సందేహము తొలగెను, బేరగాని బుద్ధి మాత్రము తొలగలేదు. కావున ఆనందగజపతి పట్టికకును నేటి పరీక్షాగృహమునకును నడుమ గల సంబంధము కేవలము పోలిక కాదు. ఒకే యాలోచన యొక్క పూర్వోత్తరదశలవి.

ఇక నాటకమును పరిశీలింపవలెను. అగ్నిహోత్రావధాని పెద్దకూతురు బుచ్చమ్మ బాల్యముననే వైధవ్యము పొంది పుట్టినింట నున్నది. అట్లుండియు రెండవకూతురు సుబ్బిని వృద్ధుడగు లుబ్ధావధానికి అమ్మజూపుచున్నాడు. తల్లి వెంకమ్మ మొఱపెట్టుకొన్నను లెక్కసేయడు. ఆ లుబ్ధావధాని యింటను మీనాక్షియను వితంతువగు కూతురు కలదు. కవి యీ రెండిండ్లను ఎదురెదురుగా నిలిపిన తీరు యాదృచ్ఛికము కాదు. శుల్కమునకు మూలము కన్యల కొఱత. ఆ కొఱత ప్రకృతికృతము కాదు. భార్య మరణించిన పురుషుడు ఏ ప్రాయమునందైనను మరల కన్యను కోరవచ్చును. భర్త మరణించిన స్త్రీ బాలయైనను వివాహమునకు దూరమగుచుండెను. వితంతువు లింటింట నుండగా కన్యలు కొఱతపడిరి. మనుష్యులే కొఱతను కల్పించి, ఆ కొఱతకు వెల కట్టిరి. ఈ యర్థశాస్త్రమును ఒక్క యుపన్యాసమైనను లేకుండ రెండిండ్ల పొందికచేతనే చూపుట గురజాడవారి ప్రతిభ.

సుబ్బి రక్షింపబడిన విధమును విమర్శకుడు గమనింపవలెను. కరటకశాస్త్రి తన శిష్యునకు ఆడువేషము వేసి లుబ్ధావధానికి పెండ్లికూతురుగా అంటగట్టును. కొనువాడు వెలనే చూచెను గాని మనిషిని చూడలేదు. మగపిల్లవానిని ఆడుపిల్లగా కొనుట కంతకంటె హేతువక్కఱలేదు. ఇది నవ్వు పుట్టించు ఘట్టమేయైనను, దాని యడుగున దుఃఖము కలదు. సుబ్బి తన హక్కుచేత రక్షింపబడలేదు. మేనమామ మోసముచేత రక్షింపబడినది. నాటకమునంతటిని నడపు నా బాలిక రంగమున కనబడుట మిక్కిలి తక్కువ. ఇది కవి లోపమని యాక్షేపింపవచ్చును. కాని అమ్మకపు వస్తువునకు సంభాషణ ముండదను సత్యమును ఆ మౌనమే చెప్పుచున్నదనుట సమంజసము. బుచ్చమ్మను తుదకు సౌజన్యారావు పూనాలోని వితంతుశరణాలయమునకు చదువునకై పంపుటతో, వెల గట్టని మార్గ మొకటి కలదని కవి సూచించెను.

శుల్కము మండలమున మాసిపోకముందే దాని ప్రతిరూపము తల యెత్తెను. ఇరువదవ శతాబ్ది మూడవ దశకమున కాళ్లకూరి నారాయణరావుగారి వరవిక్రయము వెలువడెను. అందు వెల కన్యకు గాక వరునకు. పురుషోత్తమరావు కూతురు కాళింది, తండ్రి తనకొఱకు ఆస్తి నమ్ముకొనుట చూడజాలక నూతబడి ప్రాణము విడుచును. చెల్లెలు కమల ఆ వరునే పెండ్లాడి, కొన్న వస్తువు కొన్నవారి యింటనే యుండవలెనని వాదించి, బేరగాండ్రను బేరపు న్యాయముచేతనే ఓడించును. ఈ రెండు నాటకములను విడివిడిగా చదువుట మనకు వాడుక. ఒక్కటిగా చదివినచో మూడవయంక మొకటి మిగిలియున్నదని తెలియును. కన్యకు వెల యున్నంతకాలము గర్భమునకు బేరము కుదిరెను. వరునకు వెల యైనపిమ్మట గర్భస్థకన్యక వెచ్చముల పద్దులోనికి చేరెను. రొక్కము నడచు దిక్కు మాఱెను గాని లెక్క వ్రాయు చేయి మాఱలేదు.

తెలుగున ఈ లెక్కకు మాటలు కొదువలేదు. కన్యకై వరుడిచ్చు ధనము ఓలి. దానికే ఉంకువ యనియు పేరు. పుట్టినింటివారు కూతున కిచ్చునది అరణము. కట్నమనగా మొదట గౌరవముతో నిచ్చు కానుక. నేడు వరపక్షమువారు నిర్ణయించి గైకొను ధనము. కానుక పేరు వెలకు వచ్చుట భాషాశాస్త్రజ్ఞునకు అర్థసంకోచముగా తోచును గాని కన్య తండ్రికి అది యాస్తినాశము. శుల్కము గైకొను తండ్రిని సంతానవిక్రేతగా మనుస్మృతి తృతీయాధ్యాయము గర్హించినది. ఆంధ్రప్రదేశమున 1958లోను, భారతదేశమంతట 1961లోను వరకట్ననిషేధశాసనములు పుట్టినవి. స్మృతియు శాసనమును నిషేధించినను పద్దు మాత్రము నిలిచినది.

వైద్యశాస్త్రము సంగతి సంగ్రహముగా చెప్పవచ్చును. గర్భోదకమును పరీక్షించు పద్ధతి భారతదేశమున 1975 ప్రాంతమున ఢిల్లీలో, వంశానుగత రోగములను గుర్తించుటకై ప్రవేశపెట్టబడెను. అచిరకాలముననే అది శిశువు ఆడో మగో తెలిసికొనుటకు సాధనమయ్యెను. 1980 తరువాతి దశాబ్దమున, నేడు వందలు వ్యయించినచో రేపు లక్షలు మిగులునను భావముగల ప్రకటనలు ఉత్తరదేశమునను బొంబాయియందును వెలసెను. ఆ వందలు పరీక్షకు, ఆ లక్షలు కట్నమునకు. వరవిక్రయమునకు ఇంతకంటె క్రూరమైన వ్యాఖ్యానము లేదు. పిదప అల్ట్రాసౌండు యంత్రము వచ్చి, సూదిపోటును ప్రమాదమును లేకుండ, పట్టణములనుండి చిన్నయూళ్లకును ప్రాకెను.

1994లో పార్లమెంటు గర్భస్థలింగనిర్ణయమును నిషేధించెను. ఆ శాసనము 1996 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చి, 2003లో సవరింపబడి గర్భధారణకు పూర్వము చేయు ఎంపికకును వ్యాపించెను. మొదటి నేరమునకు మూడేండ్ల వఱకు కారాగృహవాసమును పదివేల రూప్యముల వఱకు జరిమానాయు విధింపవచ్చును. ఇందు సాహిత్యజ్ఞుడు గమనింపదగిన యంశ మొకటి కలదు. గర్భిణి యీ పరీక్షకు వచ్చినచో, భర్తయో బంధువులో నిర్బంధించిరని న్యాయస్థానము, విరుద్ధసాక్ష్యము లేనియెడల, భావింపవలెనని శాసనము చెప్పుచున్నది. వెంకమ్మ మొఱను అగ్నిహోత్రావధాని వినలేదు. ఆమె వంటివారి మౌనమును సమ్మతిగా గ్రహింపరాదని శాసనకర్తలు గుర్తించిరి.

జనాభాలెక్కలు చెప్పునది స్పష్టము. అవిభక్తాంధ్రప్రదేశమున ఆఱేండ్లలోపు బాలురు వేయిమందికి బాలికలు 1991లో 975, 2001లో 961, 2011లో 939. హర్యానాయందు 2011లో ఆ సంఖ్య 834, పంజాబున 846. ఈ పోలికచే ఆంధ్రులు ఊరట నొందుట కలదు. అది తగదు. పల్లము మిట్టలను పోల్చుటకంటె నీరు ఏ దిక్కునకు పాఱుచున్నదో చూచుట ముఖ్యము. ఇరువదియేండ్లలో ముప్పదియాఱు తగ్గుట ప్రకృతికార్యము కాదు.

ఇచట నొక పూర్వపక్షము కలదు. వస్తువు కొఱతపడినచో వెల పెరుగును. కావున ఆడుపిల్లలు తగ్గినచో వారికి ఆదరము తానే పెరుగునని కొందఱు వాదించిరి. 1983లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీయందు అర్థశాస్త్రచరిత్రకారిణి ధర్మకుమార్ ఇట్టి యాశను ప్రకటింపగా, సమాజశాస్త్రజ్ఞురాలు లీలా దూబే ఖండించెను. ఆ వాదము ఆంగ్లపత్రికాపుటలలో జరిగినను, దానికి సిద్ధాంతము విశాఖపట్టణమండలమున తొమ్మిదిపదుల యేండ్లకు ముందే వ్రాయబడియున్నది. 1,034 వివాహముల పట్టిక అది. అందలి కన్యలు కొఱతవారు, ప్రియమైనవారు, ఏడాది శిశువు సైతము 400 రూప్యములు పలికినది. అందుచే వారి కేమి గౌరవము వచ్చెను? ఊయలలోనుండి వృద్ధుల యిండ్లకు పోయిరి. యౌవనమునకు ముందే వితంతువులైరి. వెల పెరుగుట అమ్మువానికి లాభము. అమ్ముడుపోవు దానికి కాదు. కొఱత వలన ఆదరము పెరుగునను వాదమును కన్యాశుల్కము చదివినవాడెవడును అంగీకరింపజాలడు.

వర్తమానమును దీనిని సమర్థించుచున్నది. బాలికలు తగ్గిన హర్యానా గ్రామములకు బంగాళము, అస్సాము, ఒడిశా మొదలగు ప్రాంతముల నిరుపేదకన్యలు ధనమునకు కొనిపోబడుచున్నారు. అట్టివారిని అచట "మోల్కీ" యందురు; వెలకు వచ్చినదని యర్థము. పుట్టువునకు ముందు వలదన్న సమాజమే పెండ్లికాలమున ఆడుదానిని అంగడిలో వెదకుచున్నది. చక్రము తిరిగి ఓలి వద్దకు వచ్చినది.

ఈ సిద్ధాంతమును దృష్టియం దుంచుకొని నేటి ప్రచారవాఙ్మయమును పరీక్షింపవలెను. 2008 నుండి జనవరి 24వ తేదీ జాతీయ బాలికాదినముగా జరుపబడుచున్నది. 2015 జనవరి 22వ తేదీన పానిపట్టున "బేటీ బచావో, బేటీ పఢావో" ప్రారంభమయ్యెను. గోడవ్రాతలు, ఊరేగింపునినాదములు, పాఠశాలావక్తృత్వములు ఈ సందర్భముననే పుట్టుచున్నవి. సదుద్దేశముతో కూడినవగుటచే వీనిని విమర్శింపరాదనుట పొరపాటు. వీని దోషములు మూడు.

మొదటిది ప్రయోజనదోషము. తల్లి కావలెను, చెల్లెలు కావలెను, భార్య కావలెను, మఱి కూతురు వలదా యను పోకడగల నినాదములు మిక్కిలి ప్రచారమున నున్నవి. ఆడుపిల్లలు లేనిచో మీ కుమారులకు వధువు లెక్కడనుండి వత్తురని మఱికొన్ని బెదరించును. ఇవి చెవికింపైనవే. కాని వీనియందు బాలిక యెవరికో యుపయోగపడుటచేతనే జీవింపదగినది. ఇది బేరగాని న్యాయమే. వెల మాత్రమే పెంచి చెప్పబడినది. వధువుల కొఱతకై విచారించువాడు లుబ్ధావధాని. అతని మాటను సుబ్బి పక్షమువా రుచ్చరింపరాదు.

రెండవది పదదోషము. ఈ దురాచారమునకు భ్రూణహత్య యని పేరిడుట వాడుకయైనది. ధర్మశాస్త్రములందు భ్రూణహత్య మహాపాతకము. గర్భనాశమంతయు దాని పరిధిలోనికి వచ్చును. కాని 1971వ సంవత్సరపు శాసనము నిర్ణీతపరిస్థితులయందు గర్భస్రావమును అనుమతించినది. ఈ మాటచే నేరము యొక్క స్వరూపము తాఱుమాఱగుచున్నది. ఖండింపవలసినది ఆడుదని తెలిసి యెన్నుకొని తొలగించుట. ఆ మాట వినువాని దృష్టి గర్భిణిపై పడుచున్నది. శాసనము నిర్బంధితగా భావించిన స్త్రీని పదము పాతకినిగా చేయుచున్నది. లింగనిర్ణయమనుటయే యుచితము.

మూడవది ప్రయోగదోషము. అల్ట్రాసౌండు పరీక్ష జరుగు ప్రతిగృహమునందును, ఇచట శిశువు ఆడో మగో తెలుపబడదని ప్రాంతీయభాషలో పలక కట్టవలెనని నియమము కలదు. 1923లో వైద్యకళాశాల నెలకొన్న విశాఖనగరమునకును ఈ నియమము వర్తించును. నియమము ప్రశస్తము, వాక్యము మాత్రము కర్మణిప్రయోగము. తెలుగున కర్మణిప్రయోగము విరళమని వ్యాకరణము చదివిన బాలురెఱుగుదురు. "చేయబడదు" అనుచోట కర్త లేడు. అడుగువాడు లేడు, చెప్పువాడు లేడు. వాక్యమునుండి కర్త తప్పుకొన్నచోట నేరమునుండియు తప్పుకొనుట సులభము. "మేము చెప్పము, మీరు అడుగవలదు" అనుట తెలుగు. అందు ఇరుపక్షముల బాధ్యతయు కలదు.

లోకోక్తియందును దిద్దవలసినది కలదు. "ఆడపిల్ల ఆడపిల్లయే గాని యీడపిల్ల కాదు" అని ఇండ్లయందు వినబడును. అచటికి పోవునది యని దాని భావము. ఇది శ్లేషయే గాని వ్యుత్పత్తి కాదు. స్త్రీవాచకము అరసున్నతో కూడిన "ఆఁడు". స్థలవాచకము అరసున్న లేని "ఆడ". నేటి ముద్రణలలో అరసున్న జాఱిపోవుటచే రెండును ఒక్కటియైనట్లు కనబడుచున్నవి. ఒక యర్ధబిందువు లోపించినచోట కూతురు పరాయిదగుట యెంతటి విపరీతము! పాఠశాలాపండితులు ఈ భేదమును బోధించినచో వ్యాకరణముతోపాటు ధర్మమును బోధించినవారగుదురు.

పుంసవనాదికర్మలను, అష్టపుత్రాశీర్వచనమును చూపి, మన సంప్రదాయము పుత్రులనే కోరినదని చెప్పువారు కలరు. అది యర్ధసత్యము. బృహదారణ్యకోపనిషత్తు షష్ఠాధ్యాయమున పండితయగు కూతురు కలుగవలెనని కోరు దంపతులకు, నేయి కలిపిన తిలాన్నము విధింపబడినది. శంకరభగవత్పాదులు ఆ పాండిత్యమును గృహకృత్యవిషయకముగా సంకోచపఱచిరి. మూలమున నట్టి సంకోచము లేదు. కూతురు కలుగవలెనని కోరి చేయు విధి యొకటి శ్రుతియందు కలదనుట చాలును.

విశాఖనగరమునకు నినాదరచన క్రొత్త కాదు. 1966లో "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అను నాలుగుమాటలు ఆంధ్రదేశమునంతటిని కదల్చెను. పలువురు ప్రాణములు కోల్పోయిరి. 1971 జనవరి 20వ తేదీన కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. ఆ నినాదబలము ప్రాసయందు మాత్రమే లేదు. ఉక్కు దేశమున కేల యుపయోగపడునో అది చెప్పలేదు. దయ చూపుమని వేడలేదు. హక్కు అనెను. ఆడుబిడ్డ విషయమున వ్రాయబడు నినాదములం దా మాటయే మృగ్యము. రక్షింపుడు, కాపాడుడు, బ్రతుకనిండు అను క్రియలన్నియు దాతను ఉద్దేశించినవి.

హక్కు వట్టిమాట కాదు. ఆంధ్రప్రదేశము 1986వ సంవత్సరపు సవరణచే ఉమ్మడికుటుంబపుటాస్తియందు కూతుండ్రకు కుమారులతో సమానమైన పాలునొసగెను. దేశమంతట అది 2005లో వచ్చెను. దక్షిణకొరియాయందు 1990లో నూఱుమంది బాలికలకు ఇంచుమించు 116 మంది బాలురు పుట్టుచుండిరి. కుటుంబశాసనములు మాఱి కూతుండ్రస్థితి మెఱుగుపడగా, 2007 నాటికి ఆ నిష్పత్తి సహజస్థితికి చేరెను. అచట పరీక్షానిషేధ మొక్కటియే చాలలేదు. కూతురును గూర్చిన పద్దు మాఱవలసివచ్చెను. ఇచట ఆస్తిహక్కు పుస్తకమున నున్నది. వివాహకాలమున కట్నమిచ్చి ఆ హక్కునకు చెల్లుచీటి వ్రాయించుకొను నాచారము వీథిలో నున్నది.

కావున సిద్ధాంతమిది. కన్యాశుల్కము గతించిన యాచారమును గూర్చిన గతించిన నాటకమను మాట సరికాదు. గర్భస్థకన్యకు వెలకట్టు బుద్ధిని గురజాడవారు 1897లోనే పట్టి చూపిరి. వెల యధికమైనపుడు ఆ బుద్ధి బాలికను అమ్మినది. వెల తలక్రిందులైనపుడు ఆమెను పుట్టనీయకున్నది. ఆమె వెలను పెంచి చెప్పుట ప్రతిక్రియ కాదు. వెల యను మాటనే తీసివేయుట ప్రతిక్రియ. సుబ్బిని తప్పించుటకు కరటకశాస్త్రికి మాఱువేషము కావలసివచ్చెను. నేటి గర్భస్థకన్యకకు వేషమక్కఱలేదు. ఆమెను గూర్చి యెవరును అడుగకుండుటయే చాలును.